ముత్లా దాకా

నవంబర్ ఆఖరి గురువారం.
షువైక్‌ల షట్టర్ సగం దించి
ఎనిమిది నెలల దుమ్ము కడిగిన.
అబూ మిషాల్ బండి.
మార్చిల గుడ్డ కప్పి పోయినోడు
ఎండ సచ్చినంక మల్ల యాది చేసుకుండు.

ఇక్కడ గంతే.
సలి దగ్గరికొచ్చిందంటే
సోకు బండ్లు ఒక్కొక్కటే నిద్ర లేస్తయి.
ఎండకాలమంత నడిచిన బండ్లు వేరే.

బ్యాటరీ కొత్తది, ఆయిల్ కొత్తది,
టైర్లల్ల గాలి నేను పట్టిందే.
"లింబాద్రీ, ముప్పై కిలోమీటర్లు తిప్పి చూడు,
సప్పుడేమన్న వస్తే చెప్పు" అన్నడు ఫోన్ల.
ముప్పై అన్నడు గని
ఏ దిక్కుకో అనలే.

అప్పుడే దస్తగిరి వచ్చిండు, చైన్ జారిందని
బండిని నూకుకుంట.
రాయచోటి పిలగాడు.
గ్లౌజుకు చొక్కాకు నడుమ, మణికట్టు మీద,
నల్లటి పట్టీ.
జూన్ తొడిగిన గాజు,
నవంబరైనా ఊడలే.

"ఉత్త చొక్కాతోనే పోతాండావా నా?
బిర్రబిగుసుకోని పోతావు" అని
వెనక డబ్బాలకెళ్లి, ఎవరో వద్దన్న ఆర్డరు తీసి,
పిజ్జా ఇఫ్తికార్‌కు ఇచ్చి,
అట్ట మూత చింపి నా చేతుల పెట్టిండు.
"రొమ్ముకు పెట్టుకో.
పోయిన జనవరి అంతా నేను ఇట్టనే తోలినా."

సులైబిఖాత్ కాడ సముద్రం వెనక్కి పోయి ఉంది,
బురద వాసన హెల్మెట్ల సొచ్చింది.
దోహా పొగగొట్టాల ఎర్ర దీపాలు
ఆరుకుంట, వెలుగుకుంట.
జహ్రా దాటినంక దీపస్తంభాలు తగ్గినయి,
లారీలు తగ్గినయి,
గాలి పొరలు పొరలుగ తగులుడు షురువైంది:
ఒక ఫర్లాంగు వెచ్చగ,
ఇంకో ఫర్లాంగు
సల్లకుండల మోచేతి దాకా ముంచినట్టు.
మోకాళ్ల నడుమ ఇంజను, కుంపటి లెక్క.
రొమ్ము మీద అట్ట,
శ్వాస తీసినప్పుడల్ల కిర్రుమంటుంది.

ఎడారిల గుడారాలు లేచినయి అప్పుడే.
జనరేటర్ల గునుగుడు,
ఎవరో పిల్లలు ఇసుకల టార్చిలైటు రాసుకుంట.
వానింక పడలే.
ఈ నెల దాటకముందే ఉరిమితే
ఉరుముకు భూమిల గడ్డలు మొలుస్తయట,
తవ్వుకొని వండుకుంటరట.
ఇఫ్తికార్ చెప్పిండు. వాడూ చూడలే.

ముత్లా గుట్ట మీద ఆపిన.
కింద జహ్రా, పొయ్యిల బూడిద కదిపితే
కనవడే నిప్పుల లెక్క.
ఇంజను బందు జేస్తే
వేడి ఇనుము టిక్కు టిక్కుమని ముడుసుకుంటుంది.
చెవి పెట్టి ఇన్న. పని పనే కద.
బండిల సప్పుడేం లేదు.
ఉన్న సప్పుడు నా పండ్లది.

పదకొండేండ్లు.
ఈ దేశంల నేను తోలిందంత
మంది బండ్ల మీద, ముప్పై ముప్పై ముక్కలు.
అన్నీ కలిపి కుడితే లాహోర్ దాటుతదని
ఇఫ్తికార్ లెక్క.
నేను లెక్క తీయలే.
ముక్కలుగనే బాగున్నయి,
ఒక్కోదానికి ఒక్కో వాసన.

తిరిగొచ్చెటప్పుడు నాలుగో గేరుల
ఎవరినీ తలుసుకోలే.
అది రాసుకోవాలె ఎక్కడన్న:
నలభై నిమిషాలు, ఎవరినీ.

మీటరు మీద డెబ్బై ఎనిమిది.
అడిగితే చెప్తా, అడగడు.
పొద్దుగాల తోలు జాకెట్ వేసుకొనొస్తడు,
వాని కాలం మొదలు.

షట్టర్ కింద దస్తగిరి కూసొని ఉండు,
చైన్ బిగిసింది,
రెండైనా ఆర్డర్లు ఆగలే.
"ఎట్లుంది నా, బండి?"
"సలిగుంది" అన్న.
నవ్విండు. చెయ్యి సాపిండు.
"అయితే అట్ట ఇయ్యి. నాకు ఈ పొద్దుట్నుంచే కావాల."

చొక్కా గుండీ తీసి ఇచ్చిన,
ఇంక వెచ్చగనే ఉంది.
లోపల పెట్టుకొని, కిక్కు కొట్టి
హవల్లీ దిక్కు పోయిండు.

స్నానం కాడ చూసుకుంటే
అట్టకున్న బిల్లు కాయితం
చెమటకు నా రొమ్ముకే అంటుకొని ఉంది.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
ఉల్లిపాయ వద్దు.